గోడకు కొట్టిన మూడు సూదులు

ఇంటర్వెల్ గంట మోగింది. పిల్లల గోల లేవలేదు. ప్రమాదాన్ని నేను మొదట పసిగట్టింది ఆ క్షణంలోనే. రేపల్లెలో మా పశువుల ఆసుపత్రికీ, మా మేఘన రెండో తరగతి చదివే బడికీ మధ్య ఒక సందు, ఒక దాణా కొట్టు మాత్రమే అడ్డం. ఆ గంట మోగితే చాలు, బడి అంతా ఒక్కసారిగా అరుపులతో బయటపడుతుంది. ఆ అరుపుల్లో నా కూతురి గొంతు కూడా ఎక్కడో ఉంటుందని రోజూ ఆ సమయానికి కాస్త ఊపిరి వదులుతాను. ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ రోజు చూడి ఆవును పరీక్ష చేస్తూ గంట విన్నాను, దాని వెనక రావలసిన గోల కోసం చెవి పెట్టాను, అది రాలేదు. దాని బదులు సిమెంటు నేల మీద ఇనుము గీసుకుపోతున్న చప్పుడు వచ్చింది.

చేతికున్న గ్లవ్సు కూడా తీయకుండా పరిగెత్తాను. బడి ఆవరణలో ఒక దున్నపోతు ఉంది. రొయ్యల చెరువు కంచె తీగ దాని కొమ్ములకు చుట్టుకుపోయి, ఒక కంటి కింద చర్మాన్ని కోసేసింది. తీగ చివర పెళ్లగిలి వచ్చిన ఇనుప ఊస వేలాడుతోంది. అది తల విదిల్చినప్పుడల్లా ఊస వచ్చి మూతికి తగులుతోంది, తగిలినప్పుడల్లా దానికి పిచ్చి ఇంకా ఎక్కువవుతోంది. దాని యజమాని గేటు బయట తొడ పట్టుకుని కూర్చున్నాడు, పంచె ఎర్రగా తడిసి ఉంది. రెండో తరగతి గది తలుపు ఒక రెక్క ఊడి కింద పడింది. లోపల టీచరమ్మ బల్లను అడ్డం తోసి, దాన్ని వీపుతో నెట్టి పట్టుకుని ఉంది. కిటికీ ఊచల వెనక చిన్న చిన్న ముఖాలు. వాటిలో ఒకటి నా మేఘనది.

"డాక్టరమ్మ గారొచ్చారు, తప్పుకోండ్రా!" అన్నారెవరో. "మత్తు తుపాకీ ఉందిగా అండి మీ దగ్గర, కొట్టేయండి!"

మా అటెండరు నాగులు అప్పటికే పొడవాటి పెట్టె భుజాన వేసుకుని వస్తున్నాడు. ఆ తుపాకీ గుండు పేల్చదు. గాలి ఒత్తిడితో మందు నింపిన సూదిని విసురుతుంది. కోతులు పట్టడానికని వేరే ఊరి ఆఫీసు వాళ్లు తీసుకెళ్లి, అంతకు ముందు రోజే జీపు పైన తాళ్లతో కట్టి తిరిగి పంపారు. నాగులు పెట్టె తెరిచాడు. కుట్టుమిషన్ నూనె వాసన గుప్పుమంది. తుపాకీకి ఆ నూనె పెట్టడం నాకు అలవాటు చేసింది సుగుణ మేడమ్. వాసనతో పాటే ఆవిడ గొంతు కూడా వచ్చి నా చెవి పక్కన నిలబడింది. "అమ్మాయ్, ముందు గోడకి."

సుగుణ మేడమ్‌ను మీరు చూసి ఉండరు. తెనాలిలో నా మొదటి ఉద్యోగం ఆవిడ కింద. మనిషి పొడగరి, ఎప్పుడూ నూలుచీర, కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉండేది. ఆదివారం లూథరన్ చర్చిలో పాడేవారు. అక్కడ కీర్తనకూ, సోమవారం పశువుల పాకలో తిట్టుకూ అదే గొంతు, అదే శ్రుతి. "పర్లేదు" అన్న మాట ఆవిడ ముందు అనకూడదు. ఎవరైనా అంటే కళ్లజోడు పెట్టుకుని వాళ్లను పైనుంచి కింది దాకా చూసేవారు, ఆ పర్లేదు అన్నది ఒంటి మీద ఎక్కడ ఉందో వెతుకుతున్నట్టు. నేను చేరిన మొదటి వారంలోనే, కట్టు తెంపుకున్న పశువును పట్టడానికి నాకు తుపాకీ నేర్పాలని ఆవిడ తీర్మానించుకున్నారు. నేను వద్దన్నాను. నాకు దీపావళి సీమటపాకాయ కాల్చడానికే భయం. "భయపడేవాళ్లకే నేర్పాలి. ధైర్యవంతులు ఎక్కడ పడితే అక్కడ కొట్టేస్తారు" అన్నారు.

ఆసుపత్రి వెనక ప్రహరీకి గడ్డి కుక్కిన గోనెసంచి వేలాడదీసి, దాని మీద టిఫిన్ తినే కాగితం ప్లేటు గుచ్చారు. సూదుల్లో మందుకు బదులు అంతే బరువు నీళ్లు నింపారు. తుపాకీ పైన స్కోపు ఉంటుంది. అందులోంచి చూస్తే అడ్డం ఒకటి, నిలువు ఒకటి రెండు సన్నని గీతలు, అవి కలిసే చోటే మన గురి. కానీ గీతలు కలిసే చోటే సూది పడుతుందన్న నమ్మకం ఏమీ లేదు. ఆ రెండింటినీ కలపడానికి స్కోపు మీద రెండు మరలు ఉంటాయి. పైనున్నది పైకీ కిందికీ, పక్కనున్నది కుడికీ ఎడమకీ. వాటిని తిప్పి చూపునూ దెబ్బనూ ఒకచోటికి తేవడాన్నే జీరో చేయడం అంటారు.

నేను కొట్టాను. సూది ప్లేటుకు ఎడమ పక్క గుచ్చుకుంది. వెంటనే పక్క మర తిప్పాను. రెండోది కుడికి పోయింది. మళ్లీ తిప్పాను. తరవాతది కింద పడింది. పై మర తిప్పాను. మేడమ్ స్టూలు మీద కూర్చుని వేయించిన పల్లీలు తింటూ చాలాసేపు చూశారు.

"అయిందా అమ్మాయ్?"

"లేదండి, ఇంకొంచెం తిప్పితే వచ్చేస్తుందండి."

"ఎక్కడికొచ్చేస్తుంది, గుంటూరుకా?"

నాకు ఏడుపు వచ్చినంత పనయింది. ఆవిడ లేచి వచ్చి, మరలు రెండూ మధ్యకు తెచ్చి, నా చెయ్యి వాటి మీద నుంచి తీసేశారు. "ఒక్క దెబ్బ చూసి మర మీద చెయ్యి వేస్తావేంటి? ఒకటి గాలికి పోవచ్చు. ఒకటి నీ ఊపిరికి పోవచ్చు. మూడూ ఒకే చోటికి పోతే అప్పుడది తుపాకీ మాట. దాని మాట పూర్తి కానివ్వు. మూడు పడనిచ్చి, అప్పుడు తిప్పు."

మర ముట్టకుండా మూడు కొట్టాను. మూడూ ప్లేటుకు ఎడమగా, బాగా దూరంలో, కానీ ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని గుచ్చుకున్నాయి. నేను మొహం వేలాడేశాను. మేడమ్ చప్పట్లు కొట్టారు. "ఇంకేం కావాలే నీకు! ఒకే పక్కకి తప్పేవాణ్ణి బాగుచెయ్యొచ్చు. పూటకో దిక్కు పోయేవాణ్ణి ఏం చేస్తాం? మా ఆయన మొదటి రకం కాబట్టే ఆ కాపురం నిలబడింది." పక్క మర లెక్కగా తిప్పించారు. ఆ తరవాతి సూది ప్లేటు నడిబొడ్డున గుచ్చుకుంది. జీవితంలో ఎన్నో పరీక్షలు పాసయ్యాను గానీ, ఆ కాగితం ప్లేటు ఇచ్చినంత సంతోషం ఏ మార్కుల కాగితమూ ఇవ్వలేదు.

ఆ మాట తుపాకీ దాటి నా ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో చెప్పలేను. మేఘన పుట్టాక ప్రతి తుమ్ముకూ వణికిపోయేదాన్ని. ఒకసారి పాప దగ్గిందని పొద్దున్నే మేడమ్‌కు ఫోను చేశాను.

"ఎన్నిసార్లు దగ్గింది?"

"ఒకసారేనండి."

"పాలు తాగుతోందా?"

"తాగుతోందండి."

"నవ్వుతోందా?"

"నవ్వుతోందండి."

"అయితే పిల్ల మీద మర తిప్పమాకు. నువ్వెళ్లి కాఫీ తాగు" అని పెట్టేశారు. నాకు కోపం వచ్చింది. కాఫీ తాగాను.

దన్ను సంగతి బాపట్లలో నేర్చుకున్నాను. దన్ను అంటే తుపాకీ ముందు భాగం ఆనించడానికి కింద పెట్టేది. మేడమ్‌కు బాపట్ల బదిలీ అయ్యాక, సముద్రం వైపు పొలాల్లో ఊరి మీద పడి తిరిగే ఎడ్లను పట్టడానికి నన్నూ పిలిపించుకున్నారు. అక్కడ గాలి ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట ఉండదు. చేతులతో పట్టుకుంటే తుపాకీ కొస వణుకుతుంది. దన్ను కావాలి, ఏ దన్ను అన్నదే ప్రశ్న. మొదట ఇంట్లో దిండు పెట్టాను. దూది మెత్తగా పైకి తన్ని తుపాకీని ఎగరేసింది. తరవాత ఇసుక సంచి. సముద్రపు చెమ్మకు ఇసుక గట్టిపడి బండరాయిలా అయింది. జీపు బానెట్ మీద ఆనిస్తే ఇంజను వణుకంతా స్కోపులోకి ఎక్కింది. చివరికి నాకో గొప్ప ఆలోచన వచ్చింది. పాత జీన్స్ ప్యాంటు కాలు కత్తిరించి సంచి కుట్టి, పిట్టలవానిపాలెంలో మా పిన్ని వాళ్ల పొలంలో పండిన మినుములు నింపాను. గుండ్రటి గింజలు తుపాకీ బరువుకు సర్దుకుని గుంట చేసి, దాన్ని పాపాయిని పట్టుకున్నట్టు పట్టుకునేవి. మేడమ్ కూడా మెచ్చుకున్నారు. వారం రోజులు నన్నెవరూ పట్టలేకపోయారు.

ఆ తరవాత వాన వచ్చింది. సంచి జీపు వెనక తడిసి, ఎవరికీ గుర్తు లేక అక్కడే ఉండిపోయింది. మళ్లీ పని పడి తీస్తే కుట్ల సందుల్లోంచి తెల్లటి మొలకలు తొంగిచూస్తున్నాయి. సంచి ఉబ్బి, పట్టుకుంటే వెచ్చగా ఉంది.

మేడమ్ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తారు. "ఏమ్మా, తుపాకీకి దన్ను పెట్టావా, ఇడ్లీకి నానబోశావా?"

జీపు డ్రైవరు దగ్గర నుంచి ఎడ్లను తోలడానికి వచ్చిన రైతుల దాకా అందరూ నవ్వారు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. మేడమ్ నవ్వు ఆపుకుని, చుట్టూ చూసి, గట్టు మీద ఒక రైతు తెచ్చుకున్న సగం ఖాళీ తవుడు సంచిని లాగి, దాని మధ్య చేత్తో ఒక గుద్దు గుద్ది గుంట చేశారు. "నీ ముద్దుల సంచి అవసరమైన రోజున ఇంట్లోనే ఉంటుంది. మరీ మెత్తనిది తన్నేస్తుంది, మరీ గట్టిది ఎగరేస్తుంది. కాస్త ఒదిగి ఆగిపోయేది చూసుకో. ఎక్కడికెళ్లినా అలాంటిది ఒకటి ఉంటుంది."

అదే ఊళ్లో ఇంకో రోజు ఆవిడ కొట్టకుండా ఆగడం చూశాను. కాలువ గట్టు మీద ఒక గేదె నిలబడింది, కొమ్ము విరిగి, ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా. ఊరి పెద్దమనిషి ఒకాయన కారు దిగి తొందరపెట్టాడు. "ఇంత దగ్గర్లో ఉంది కదండీ, ఏంటండీ ఆలస్యం?" మేడమ్ తుపాకీ కింద పెట్టారు. "సూది తగలగానే పడిపోద్దనుకుంటున్నారా? కాసేపు నడుస్తది. మత్తులో నీళ్లలోకి దిగితే మునిగిపోద్ది. అప్పుడు మీరు దిగి తలెత్తి పట్టుకుంటారా?" ఆయన కారెక్కాడు. ఎండుగడ్డి చూపించి గేదెను మెల్లగా మెట్ట చేలోకి రప్పించేసరికి ఎండ తిరిగింది. అప్పుడు కొట్టారు, ఒక్కటే. గేదె బతికింది.

రిటైరయ్యాక మేడమ్ తెనాలిలోనే ఉన్నారు. చేతులు వణికే జబ్బు వచ్చింది. నేను ఆఖరిసారి వెళ్లినప్పుడు కాఫీ ఇచ్చారు. తన గ్లాసును నోటి దాకా తీసుకెళ్లడానికి ముంజేతిని కుర్చీ చేతి మీద ఆనించి, వణుకు తగ్గేదాకా ఆగి, అప్పుడు వంగి తాగారు. నేను చూపు తిప్పుకున్నాను. "చూడవే, నేర్చుకోవడానికే చూపిస్తున్నా. చుక్క ఒలికిందా?" అన్నారు. ఒలకలేదు. ఆ ఏడాదే పోయారు. చర్చిలో ఆవిడ పాడే వరసలో ఎవరూ నిలబడకుండా ఆ రోజు ఆ చోటు వదిలేశారు.

అందుకే రేపల్లెలో ఆ మధ్యాహ్నం, నా కూతురు ఊచల వెనక ఉండగా, నేను తుపాకీ తీసుకుని దున్న వైపు కాకుండా దాణా కొట్టు వైపు నడిచాను. జీపు పైన కట్టుకుని వచ్చిన తుపాకీ అది. దారిలో ఎన్ని గోతులు, స్కోపుకు ఎన్ని దెబ్బలు! దున్న ఎంత దూరంలో ఉందో అంత దూరం సందులో అడుగులతో కొలిచి, కొట్టు పక్క గోడకు నాగులు చేత గోనెసంచి కట్టించాను. నీళ్ల సూది పెట్టాను.

"ఏంటమ్మా, దున్న అక్కడుంటే గోడని కొడతావేంటి!" అని ఒక తల్లి నా భుజం పట్టుకుని ఊపింది. ఆమె కొడుకు కూడా లోపలే ఉన్నాడు. "నీకు పిల్లల్లేరా?"

"ఉందక్కా. అదే గదిలో ఉంది" అన్నాను. ఆమె చెయ్యి తీసేసింది.

మొదటి సూది గురి పెట్టిన చోటుకు జానెడు ఎడమగా, కిందగా పోయింది. వెనక నుంచి ఎవడో "అయిపోయిందిరా, ఈవిడకి గోడే తగల్లేదు" అన్నాడు. నా వేళ్లు మర మీదకు వెళ్లాయి. బడిలో ఊస మళ్లీ గీసుకుంది, ఒక పిల్ల ఏడ్చింది. అది మేఘన కాదని గొంతు బట్టి తెలిసింది. వేళ్లు వెనక్కి తీసుకున్నాను. రెండోది కొట్టాను. మూడోది కొట్టాను. మూడూ ఒకే చోట, జానెడు ఎడమగా, కిందగా. తుపాకీ తన మాట పూర్తి చేసింది. ఆ గురితోనే దున్నను కొట్టి ఉంటే సూది తొడ కండలో కాక డొక్కలో దిగేది. మందు పట్టేది కాదు సరికదా, ఆ పోటుకు అది నేరుగా ఆ ఊడిన తలుపు మీదికే వెళ్లేది. మరలు రెండూ లెక్కగా తిప్పాను. ఇంకొక్కటి కొట్టాను. గోనె మీద నేను గురి చూసిన దారపు పోగు దగ్గరే గుచ్చుకుంది.

"ఇప్పుడు మందుది ఇవ్వు నాగులూ."

అప్పటికి వచ్చిన పోలీసులు తమ జీపు బానెట్ చూపించారు. వద్దన్నాను. దాణా కొట్టాయన అడక్కుండానే సగం వాడిన తవుడు సంచి తెచ్చి బడి ప్రహరీ మీద పెట్టాడు. మధ్యలో ఒక గుద్దు గుద్దాను. బడి వెనక మురుగు కాలువ ఉంది. అటువైపు ప్రహరీ కూలి దారి తెరిచి ఉంది. అందుకే నాగులునూ మరో నలుగురినీ చుట్టూ తిప్పి పంపి, ఆ కూలిన చోటుకు అడ్డంగా ట్రాక్టరు ట్రక్కు పెట్టించాను. దున్న బోరింగు పంపు దగ్గర తీగను రుద్దుకుంటూ నిలబడింది. మొహం తలుపు వైపు. తొడ నా వైపు. తుపాకీ తవుడులో ఒదిగింది. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ ఆ వణుకు సంచి దాటి ముందుకు పోలేదు. ఊపిరి సగం వదిలి ఆపి, నొక్కాను.

టప్ మని చిన్న చప్పుడు. తొడ మీద సూది వెనకుండే ఎర్రటి కుచ్చు నిలబడింది.

దున్న ఒక్క గెంతు గెంతి తలుపు వైపు రెండడుగులు వేసింది. అది ఆగింది. తోక విదిల్చింది. కాలువ వైపు నడిచి, ట్రక్కును చూసి వెనక్కి తిరిగింది. తల బరువెక్కింది, ఊస నేల మీద కదలకుండా పడి ఉంది. ముందుకాళ్లు మడిచి, జెండా దిమ్మె పక్కన, అలిసిపోయి ఇంటికొచ్చిన దానిలా నెమ్మదిగా కూలబడింది. నేను గోడ దూకాను. చీరతో గోడ దూకడం అదే మొదటిసారి. అది పక్కకు ఒరగకుండా గడ్డి మోపులు ఆనించి, కళ్లకు తడిగుడ్డ కప్పి, తీగను కత్తెరతో తెంపాం. కన్ను పోలేదు. గాయం కడుగుతుంటే వెనక ఒక గోల లేచింది. ఇంటర్వెల్ గోల. బల్ల పక్కకు తోసి, టీచరమ్మ పిల్లలను వరసగా గేటు బయటికి పంపుతోంది. వాళ్లు వరసలో ఉంటే కదా! నన్ను ఊపిన ఆ తల్లి ఒక చంకలో తన కొడుకునూ, ఇంకో చంకలో నా మేఘననూ ఎత్తుకుని నిలబడింది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, నన్ను చూసి "అక్కా" అని పిలిచింది. నాకంటే పెద్దదే.

సాయంత్రానికి మత్తు దిగి దున్న లేచి నిలబడింది. యజమాని తొడకు కట్టుతోనే వచ్చి దాని మెడ నిమిరి, నాకు దండం పెట్టాడు. దాణా కొట్టాయన తవుడు సంచిని తన కొట్టు ముందు కుర్చీ మీద పెట్టి, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడట. నేను మాత్రం ఇంటికొచ్చి తలుపు వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను, ఆ తరవాత ఆకలేసి రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. మేడమ్ ఉంటే ఫోను చేసేదాన్ని. ఆవిడ "ఎన్ని కొట్టావు గోడకి?" అని మాత్రం అడిగి, జవాబు విని, "సరే" అని పెట్టేసేవారు. ఇన్నాళ్లకు ఇప్పుడు, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నది, ఆ సరే అనేవాళ్లు లేకపోవడం వల్లేనేమో.

మర్నాడు పొద్దున మేఘనకు జడ వేస్తున్నాను. పక్కన దాని తమ్ముడు పాలగ్లాసు పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. మేఘన అడిగింది, "అమ్మా, మేం కిటికీలోంచి చూశాం. నువ్వు తుపాకీ తీసుకుని అటు వెళ్లిపోయావు. గోడని కొట్టావు. మా క్లాసు వాళ్లు, మీ అమ్మకి దున్న కనపడట్లేదే అన్నారు. నేను లోపలున్నానని నీకు తెలీదా?"

జడ చేతిలో అలాగే పట్టుకుని ఇద్దరినీ నా వైపు తిప్పుకుని చెప్పాను. "తెలుసమ్మా. గేటు దగ్గరకి రాగానే నువ్వే కనపడ్డావు. నాకు ఎంత భయమేసిందో మీకు చెప్పలేను. లోపల ఉన్నది వేరేవాళ్ల పిల్లలే అయితే, ఏమో, తొందరపడి కొట్టేసేదాన్నేమో. నువ్వున్నావు కాబట్టే గోడకి కొట్టాను."